మాటమాటకీ ఉలిక్కిపడిన ఊరు

మొన్న మా కాంప్లెక్స్‌లో ఒక పుట్టినరోజు పార్టీకి వెళితే, ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన ఒకమ్మాయి పేపర్ ప్లేట్‌లో పులిహోర పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిందట. "ఆంటీ, మీ జాబ్‌లో వర్స్ట్ డే ఏది?" అని అడిగింది. ఎవరూ అడగకపోయినా చెప్పే మనిషిని, అడిగితే ఊరుకుంటానా? మొదలుపెట్టాను. సరిగ్గా అసలు సంగతికి వచ్చేసరికి కేక్ కటింగ్ అన్నారు. ఆ పిల్ల "వన్ మినిట్ ఆంటీ" అని లేచి వెళ్లి మళ్లీ కనబడలేదు. మొదలుపెట్టిన కథ మధ్యలో ఆగిపోతే నాకు తిన్నది అరగదు. అందుకే ఇలా రాస్తున్నాను. ఆ అమ్మాయి చదవకపోతే ఆమె ఈడువాళ్లు, మీరైనా చదవండి.

అసలు మీరంతా అదృష్టవంతులర్రా. మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసుకుని, సరేనంటే బొటనవేలు బొమ్మ నొక్కేస్తారు. సరే అన్నారో కాదన్నారో అవతలివాళ్లకి అనుమానమే ఉండదు. నేను మాత్రం మనిషి ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ, ఊపిరి చప్పుడు వింటూ పనిచేసినదాన్ని. అలా ఎదురుగా కూర్చునే ఒకసారి కొంప ముంచుకోబోయాను.

నేను ఫైర్ సేఫ్టీ ఇంజనీర్‌ని. రిటైరయ్యేదాకా పార్సిప్పనీలో, హైవే పక్కన అద్దాల బిల్డింగ్‌లో ఉన్న ఒక కంపెనీలో పనిచేశాను. మంట రేగకముందే వేడిని పసిగట్టి ఫైర్ స్టేషన్‌కి కబురు చేసే పరికరాలు మావి. అందులో మాదొక చిన్న గ్రూపు. లంచ్‌కి అందరం ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకా ఒక కుర్చీ మిగిలేది. పాత చెక్క ఇళ్ల కోసం మేమొక ప్రత్యేకమైన కెమెరా తయారుచేశాం. అది మనిషి మొహాన్ని, ముచ్చట్లని పట్టించుకోదు. దానికి కనబడేది వేడి ఒక్కటే. వీధిలో ఏ గోడైనా ఉండాల్సినదానికంటే వేడెక్కితే అలారం మోగిస్తుంది.

దానికి బుర్ర పెట్టింది నేను కాదు, నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి. కరీంనగర్ నుంచి వచ్చిన పిల్ల. ఎండకి వేడెక్కిన గోడేదో, లోపల నిప్పు రాజుకుంటున్న గోడేదో, పెరట్లో ఎవరో చికెన్ కాల్చుకుంటున్న పొయ్యి ఏదో కెమెరా తేడా కనిపెట్టేలా ప్రోగ్రామ్ రాసింది. వయసులో నాకు కూతురి లెక్క. చేరిన మొదటి రోజు "ఆంటీ" అని పిలిచింది. ఆఫీసులో ఆంటీ ఏమిటే అని కసిరాను. రెండో రోజు నుంచి "అక్కా" అయ్యాను. భర్త డిపెండెంట్ వీసా మీద ఉన్నాడు, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పాప రెండో క్లాసు. ఇంటికంతటికీ ఆ పిల్ల జీతమే ఆధారం. గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి.

మా కెమెరా అమెరికాలో అమ్ముడుపోలేదు. ఇక్కడ పాత ఇల్లంటే పడగొట్టి కొత్తది కట్టుకోవాల్సిన ఇల్లని అర్థం. ఏళ్ల తరబడి ఖర్చే తప్ప రాబడి లేదని పైవాళ్లు గుర్రుగా ఉన్నారు. అలాంటి సమయంలో నార్వే దక్షిణ తీరంలో ఒక చిన్న పాత ఊరినుంచి పిలుపు వచ్చింది. ఊరంతా చెక్క ఇళ్లేనట. పరికరాలు పట్టుకొచ్చి చూపించండి, నచ్చితే ఊరంతటికీ పెట్టించుకుంటాం అన్నారు.

మా డైరెక్టర్ అమెరికన్. మంచివాడే కానీ పిరికివాడు. నన్నూ ఆ అమ్మాయినీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "ఈ ఊరు ఒప్పుకుంటే మన గ్రూపు బతుకుతుంది. ఒప్పుకోకపోతే శుక్రవారం నేను హెడ్ ఆఫీస్‌కి చెప్పేయాలి. వాళ్లు గ్రూపు మూసేస్తారు" అన్నాడు. నాకేం, నేను సిటిజన్‌ని, రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డదాన్ని, ఇంట్లో కూర్చుని టీవీ చూస్తాను. ఆ పిల్ల సంగతి అలా కాదు. ఉద్యోగం పోతే రెండు నెలల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. అప్పట్లో ఎవరూ ఎవర్నీ తీసుకోవడం లేదు.

న్యాయంగా నార్వే వెళ్లాల్సింది ఆ పిల్లే. కానీ దేశం దాటితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ కావాలి, అక్కడ ఎన్ని నెలలు ఇరుక్కుపోతుందో తెలియదు. అందుకని మోకాళ్ల నొప్పులతో నేనే బయల్దేరాను. వెళ్లేముందు డైరెక్టర్ నాకొక సలహా ఇచ్చాడు. "అక్కడివాళ్లు మాటలు తక్కువ మనుషులు. ఎక్కువ మాట్లాడితే నమ్మరు. నువ్వు కూడా కొంచెం తక్కువ మాట్లాడు" అన్నాడు. నన్నెరిగినవాడు కాబట్టి అన్నాడు. నేను కూడా, పాపం ఆ పిల్ల బతుకు నా నోటి మీద ఉంది కదా అని, నోరు కట్టేసుకుందామని ఒట్టేసుకున్నాను. నా జీవితంలో ఒకరి సలహా అక్షరాలా పాటించడం అదే మొదలు.

ఊరు చూస్తే ప్రాణం లేచొచ్చింది. నేను భీమిలి దాన్ని. సముద్రం వాసన ఎక్కడ తగిలినా నాకు సగం ఇంటికొచ్చినట్టే ఉంటుంది. రేవు చుట్టూ తెల్ల రంగు వేసిన చెక్క ఇళ్లు, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని ఉన్నాయి. రెండిళ్ల మధ్య సందులో నేనూ నా సూట్‌కేసూ పక్కపక్కన పట్టలేదు. గుమ్మాల పక్కన గులాబీలు, కిటికీల్లో చిన్న చిన్న దీపాలు, ఎటు తిరిగినా సందు చివర పడవ తెరచాప కొయ్య కనబడుతుంది. నా ఉద్యోగ బుద్ధి మాత్రం ఊరుకోలేదు. ఒక్క ఇల్లు అంటుకుంటే గాలికి ఊరు ఊరంతా పోతుందే అని లెక్కలు కట్టింది. ఒకప్పుడు అలాగే పోయిందట కూడా. మళ్లీ అదే చోట, అలాగే, అదే చెక్కతో కట్టుకున్నారు. మొండివాళ్లంటే నాకు ఇష్టం.

నేను ఒప్పించాల్సింది ఇద్దరిని. ఒకాయన ఊరి ఫైర్ స్టేషన్ చీఫ్. నిలువెత్తు మనిషి, తెల్ల గడ్డం. రెండో ఆవిడ ఇళ్లవాళ్ల సంఘానికి ప్రెసిడెంట్. పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ, నా కంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. పాత గోడల మీద ఒక్క మేకు దిగినా ఊరుకోని రకమని ముందే చెప్పారు.

బుధవారం పొద్దున సన్నటి తుంపర పడుతుండగా ఒక సందులో డెమో పెట్టాం. చీఫ్ ఒక ఇనుప పలకని వేడిచేసి గోడకి దూరంగా నిలబెట్టాడు. మా కెమెరా దాన్ని పట్టుకుని అలారం మోగించాలి. మోగలేదు. నిలబడ్డాం. మోగలేదు. చూస్తే కెమెరా అద్దం మీద చెమ్మ పట్టి ఉంది. నా మెడలో ఉన్న కాటన్ చున్నీతో గబగబా తుడిచాను. తుడిచిన మరుక్షణం అలారం ఊరు లేచిపోయేలా మోగింది. "చూశారా, పనిచేస్తోంది!" అన్నాను ఆనందంగా.

పెద్దావిడ "హా!" అంది.

ఎలాగో చెప్పాలి మీకు. మన ఇళ్లలో పాలు పొంగిపోతే, పిల్లవాడు మెట్ల మీంచి జారితే, ఎవరైనా అనకూడని మాట అంటే, ఆడవాళ్లు గబుక్కున ఊపిరి లోపలికి లాగి "హా!" అంటారు చూడండి, అచ్చంగా అదే. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నేను ఏ పని చేసినా వెనకనుంచి ఆ చప్పుడు వచ్చేది. నా చేతిలో చున్నీ జారిపోయింది. ఏం తప్పు చేశానా అని చుట్టూ చూశాను. అంతా మామూలుగానే ఉంది. అలారం చప్పుడికి జడుసుకుందేమోలే అని సర్దుకున్నాను.

మధ్యాహ్నం ఫైర్ స్టేషన్ మేడ మీద మీటింగ్. కాఫీ పోశారు. నేను పొడిపొడిగా, డైరెక్టర్ చెప్పినట్టే చెప్పుకొచ్చాను. "కెమెరాలు ఎవరి ఫోటోలూ తీయవు" అన్నాను. పెద్దావిడ "హా!" అంది. "గోడకి ఒక్క మేకు కూడా కొట్టం, క్లిప్పులతో బిగిస్తాం" అన్నాను. మళ్లీ "హా!" అంది. ఈసారి చీఫ్ కూడా, అంత మనిషి, ఊపిరి ఎగలాగాడు. "చలికాలం మంచులో కూడా పనిచేస్తాయి" అన్నాను. ఇద్దరూ కలిసి "హా!" అన్నారు. అయ్యో రామా, నేనేం ఘోరం మాట్లాడుతున్నాను? మేకు కొట్టనంటే కూడా ఉలిక్కిపడితే ఇంకేం చెప్పను? మాట మాటకీ వాళ్లు ఉలిక్కిపడుతుంటే చెప్పేది ఆపేసి, అడిగినదానికి జవాబు చెబుదాం అని కూర్చున్నాను.

వాళ్లు అడిగింది కూడా తక్కువే. "ఇంటివాళ్లు వద్దంటే ఆ ఇంటి కెమెరా తీసేస్తారా?" అని అడిగింది పెద్దావిడ. నేను తలూపాను. "పాడైతే మీ మనిషి ఇక్కడికి వస్తారా?" అన్నాడు చీఫ్. మళ్లీ తలూపాను. "ఇప్పుడు చెప్పిన మాటలన్నీ ఒప్పందంలో రాసి సంతకం పెడతారా?" అంది ఆవిడ. ఓ, భేషుగ్గా పెడతాను అన్నట్టు ఇంకొంచెం గట్టిగా ఊపాను. నోట్లోంచి మాట మాత్రం రానివ్వలేదు. తక్కువ మాట్లాడాలి కదా మరి.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చీఫ్ కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. "సరే. అయితే మీరు ఆలోచించుకోండి" అన్నాడు. పెద్దావిడ నా చేతి మీద చెయ్యి వేసి నిట్టూర్చింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కాదన్నవాళ్ల మొహాలు అంత దిగాలుగా ఎందుకుంటాయి? కానీ నా బుర్ర పనిచేయడం మానేసింది. బేరం కుదరనప్పుడు మర్యాదగా అనే మాటే అది అనుకుని, థాంక్స్ చెప్పి మెట్లు దిగాను.

హోటల్ గదికి వచ్చి డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే పొద్దుటి పని మొదలైంది. "కుదరలేదు. నేను నోరు తెరిస్తే చాలు భయపడిపోతున్నారు" అన్నాను. "నువ్వు చేయగలిగింది చేశావు. శుక్రవారం దాకా నేనేమీ అనను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అన్నాడు.

ఫోన్ పెట్టేశానో లేదో ఆ పిల్ల నుంచి కాల్.

"అక్కా! డెమో ఎట్లయింది?"

"మొదట మోగలేదు. అద్దం మీద చెమ్మ. తుడిస్తే మోగింది."

"మోగింది గదా! నాకు తెల్సు మోగుతదని. మరి ఏమన్నరు?"

"ఆలోచించుకోమన్నారు."

అటువైపు వెనక పాప బూటు కనబడటం లేదని అరుస్తోంది.

"గంతేనా?" అంది చివరికి.

"అంతే."

"మీరు తిన్నరా అక్కా? ఆడ మనకు తినేటియి దొరుకుతున్నయా?"

"నా తిండి సంగతి ఎందుకే ఇప్పుడు?"

"ఏమైతదో అయితది. మీరు ఫికర్ చేయకుండ్రి. మీ గొంతు గట్ల వింటే నాకు మంచిగనిపిస్తలేదు" అంది.

ఉద్యోగం పోయేది ఆ పిల్లది, ఓదార్పు నాకు. ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎదురుగా రేవు, ఆడుకుంటున్న పిల్లలు, ఊళ్లో ఎవరికీ ఏ బాధా లేనట్టు ఎండ. ఆ అందమైన ఊరి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున పడవ ఎక్కి వెళ్లిపోవాలి. రేవు దగ్గర ఒక బేకరీ ఉంది. లోపల అడుగు పెట్టగానే ఏలకుల వాసన గుప్పుమంది. పాయసం వాసన. ఆ దేశంలో బన్నుల్లో ఏలకులు వేస్తారని నాకు తెలియదు. కౌంటర్ వెనక నడివయసు ఆవిడ, చేతులకి పిండి.

"ఇందులో వేసింది ఏలకులేనా?" అని అడిగాను.

"హా!" అంది ఊపిరి లోపలికి లాగి.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "ఏమైంది?" అన్నాను. ఆవిడ ఏమీ కానట్టు నవ్వుతూ బన్ను కాగితంలో చుడుతోంది.

"కార్డు తీసుకుంటారా?"

"హా!" అని మిషన్ నా ముందుకి జరిపింది.

నా చేతిలో కార్డు అలాగే ఉండిపోయింది. లోపల ఎక్కడో చిన్న దీపం వెలిగినట్టయింది. మెల్లిగా, దొంగని పట్టుకునేదానిలా అడిగాను. "పడవ ఈ రేవుకే వస్తుందా?"

"హా!" అంటూ తల కిందకీ పైకీ ఆడించింది.

"నేను... నేను నార్వే మనిషినా?"

ఆవిడ నన్ను పైనుంచి కిందదాకా చూసింది. "నెయ్" అంది. నెయ్ అంటే వాళ్ల భాషలో కాదు అని. మన నెయ్యితో దానికేం చుట్టరికం లేదు.

"అమ్మా, మీరు అవును అనడానికి ఊపిరి లోపలికి పీలుస్తారా?"

ఆవిడ ఆలోచనలో పడింది. "అలా చేస్తామా?" అంది. వెంటనే తనే, "హా!" అంది. అని, తను చేసిన పనికి తనే నోటి మీద చెయ్యి పెట్టుకుని పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. సూట్‌కేసు ఆవిడ కౌంటర్ పక్కనే పడేసి, "దీన్ని చూస్తూ ఉండండి" అని కేకేసి బయటికి పరుగు తీశాను. పరుగు అంటే మీరు చేసే పరుగు కాదు, నా మోకాళ్లు చేయనిచ్చిన పరుగు. బండరాళ్లు పరిచిన ఎత్తు దారి, ఒక చేతిలో బన్ను, ఇంకో చేత్తో గోడలు పట్టుకుంటూ. గుమ్మాల్లో కూర్చున్న ముసలివాళ్లు ఎక్కడ నిప్పంటుకుందో అన్నట్టు లేచి నిలబడ్డారు. ఫైర్ స్టేషన్ వైపు పరుగెత్తే మనిషిని చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది కదా.

చీఫ్ కింద షెడ్డులో ఉన్నాడు. మా డెమో కెమెరాలు ఒక్కొక్కటీ అట్టపెట్టెలో సర్దుతున్నాడు, వెనక్కి పంపించడానికి. నేను గుమ్మం పట్టుకుని రొప్పుతూ అడిగాను.

"నిన్న మీరు అవునన్నారా?"

ఆయన కెమెరా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నేను మొదటినుంచీ అవుననే అన్నాను. ఆవిడ కూడా అంది, మీరు నోరు తెరిచిన ప్రతిసారీ అంది. మీరే కదా కాదన్నారు" అన్నాడు.

"నేనా? నేనెప్పుడు కాదన్నానయ్యా?" అన్నాను. ఆ "అయ్యా" తెలుగులోనే వచ్చేసింది.

"ఇంటివాళ్లు వద్దంటే తీసేస్తారా అంటే ఇలా అన్నారు. మీ మనిషి వస్తారా అంటే ఇలా అన్నారు. సంతకం పెడతారా అంటే ఇంకా గట్టిగా అన్నారు" అంటూ ఆయన తన తెల్ల గడ్డాన్ని ఈ భుజం వైపు ఒకసారి, ఆ భుజం వైపు ఒకసారి వాల్చి చూపించాడు. "మా ఊళ్లో పడవలు తప్ప ఇంకేవీ ఇలా ఊగవు. అమెరికా కంపెనీకి మా షరతులు నచ్చలేదు, పైకి చెప్పలేక మొహమాటపడుతోంది అనుకున్నాం. అందుకే ఆలోచించుకోమన్నాను."

నా తల! ఇన్నేళ్లు అమెరికాలో ఉన్నా, డ్రైవింగ్ మారింది, కట్టు మారింది, తిండి మారింది, నా తల ఊపుడు మాత్రం మారలేదు. పార్సిప్పనీలో సగం ఆఫీసు మనవాళ్లే కాబట్టి, మిగతా సగం మనల్ని చూసి చూసి అలవాటుపడ్డారు కాబట్టి, అదొక ప్రత్యేకమైన భాష అన్న సంగతే నాకు తట్టలేదు. మా డైరెక్టర్ కూడా ఒక్కోసారి తనకే తెలియకుండా అలాగే ఊపుతాడు. మాట్లాడనిచ్చి ఉంటే "తప్పకుండా, తప్పకుండా" అని పదిసార్లు అని ఉండేదాన్ని. బలవంతంగా నోరు మూసుకుని తలని మాత్రం వదిలేశాను. అది నా పరువు తీసింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అట్టపెట్టె మీదే కూలబడిపోయాను. "అది అవును. అది మా అవును. అన్నిటికీ అవునే" అన్నాను. పెద్దమనిషి ముందు అర్థంకానట్టు చూశాడు, తర్వాత గడ్డం కదిలింది, తర్వాత షెడ్డు దద్దరిల్లేలా నవ్వాడు. పెద్దావిడకి ఫోన్ చేసి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. ఫోన్‌లోంచి నాకు వినిపించేంత గట్టిగా "హా!" వినబడింది. ఆ చప్పుడు అంత తియ్యగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. మా అత్తగారిని కూడా ఆ క్షణంలో క్షమించేశాను.

సంతకాలయ్యేసరికి నేనెక్కాల్సిన పడవ వెళ్లిపోయింది. పోతే పోనీ. పెద్దావిడ వాళ్లింట్లో అన్నం బదులు ఉడికించిన బంగాళాదుంపలు, చేప పెట్టింది. తనకి తల ఊపడం నేర్పమంది. నేర్పాను. రెండు భుజాల మధ్య తల ఎటు పోతోందో తెలియక అవస్థపడుతుంటే, మెడ వదులుగా ఉంచమ్మా, అలా బిగపట్టకు అని టీచర్‌కే పాఠం చెప్పాను. ఆవిడ నాకు ఊపిరి లాగి అవుననడం నేర్పింది. నాకు ముందే వచ్చు, ఎప్పుడూ తప్పు చోట వాడుతున్నానంతే.

పార్సిప్పనీలో తెల్లవారేదాకా ఆగి, రేవు గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, ముందు ఆ పిల్లకే ఫోన్ చేశాను. డైరెక్టర్ ఆగుతాడు. పాపకి లంచ్ బాక్స్ సర్దుతోందట. నా పేరు చూసి భయపడుతూనే తీసి ఉంటుంది, "చెప్పుండ్రి అక్కా" అన్న గొంతు బలహీనంగా ఉంది.

"ఒప్పుకున్నారే. ఊరంతా. సంతకాలు కూడా అయిపోయాయి."

"హా!" అంది.

చేతిలోది ఏదో కింద పడ్డ చప్పుడు. తర్వాత ఏడుపు. తర్వాత ఆ పిల్ల భర్త "ఏమైందే, ఏమైంది?" అంటూ కంగారుగా రావడం వినబడింది. "పో, మంచి వార్తే" అని ఏడుస్తూనే కసిరింది. ఆ తర్వాత జరిగిందంతా చెప్పాను. మొదటినుంచి, బన్నుతో సహా. ఆ పిల్ల నవ్వుతూ ఏడుస్తూ వింటూనే ఉంది, ఆ రోజు పాప స్కూల్ బస్సు తప్పిపోయింది. గట్టు మీద కూర్చున్న నాకు భుజాల మీంచి బియ్యం బస్తా దించినట్టుగా ఉంది. అరచేయంత ఊరు, అద్దంలాంటి నీళ్లు, చల్లటి గాలి. నిన్న కోప్పడినందుకు ఊరికి మనసులో క్షమాపణ చెప్పుకుని, మిగిలిన బన్ను తిన్నాను.

ఆ తర్వాత మా గ్రూపు నిలబడింది. దాన్ని చూసి ఇంకో పాత ఊరు పిలిచింది, అక్కడినుంచి ఇంకోటి. మిగిలిపోయిన కుర్చీలోకి ఒకరు వచ్చారు. నేను ఆ చెక్క ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లి వచ్చాను. మా కెమెరా ఒక చలికాలం ఒక పొగగొట్టం పక్క గోడని పట్టుకుందని, మంట బయటికి రాకముందే ఆర్పేశామని చీఫ్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ ప్రోగ్రామ్ రాసిన అమ్మాయి మాత్రం ఆ ఊరు ఇంతవరకూ చూడలేదు. నేను తీసుకొచ్చిన ఫోటోలు తన మానిటర్ చుట్టూ అంటించుకుని, "అక్కా, గీ సందులనే గదా మీరు ఉరికింది?" అని అడుగుతూ ఉండేది. నేను రిటైరయిన రోజున కూడా ఆ పిల్ల క్యూలోనే ఉంది.

ఇద్దరికీ అదొక ఆటగా మిగిలిపోయింది. టీ తాగుదామా అంటే ఊపిరి లాగేది. నేను తలూపేదాన్ని. కొత్తగా చేరినవాళ్లు మమ్మల్ని చూసి జాలిపడేవాళ్లు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే ఆ పిల్ల ఫోన్ వచ్చింది.

"అక్కా, మెయిల్‌బాక్స్ కాడ నిలబడ్డ" అంది. కవరు చింపుతున్న చప్పుడు.

"గ్రీన్ కార్డేనా? వచ్చిందా?" అని అడిగాను.

ఊపిరి లోపలికి లాగిన చప్పుడొక్కటే వినిపించింది.

ఆ పిల్లకి కనబడదని తెలిసి కూడా, నేను ఫోన్ చెవికి ఆనించుకుని, ఈ భుజానికీ ఆ భుజానికీ, తల ఊపుతూనే ఉండిపోయాను.